నౌపడ నుంచి గుణుపూర్ దాకా: రాజుగారి చిన్న రైలు కథ

ఈ ఎపిసోడ్ మణికొండ నుంచి చేస్తున్నాను కాబట్టి, మణికొండకి దగ్గర్లో ఉన్న పట్టాలతోనే మొదలుపెడదాం. హైటెక్ సిటీ స్టేషన్లో మనం ఎంఎంటీఎస్ ఎక్కుతాం కదా, ఆ లైను మొన్నమొన్న వేసింది కాదు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం ప్రభుత్వ సొమ్ముతో వేసిన లైను అది. వాడి దగ్గర బొంబాయి వెళ్ళే పెద్ద లైనులో కలుస్తుంది. అంటే ఐటీ ఉద్యోగాలకి వెళ్ళే బండి నూట యాభై ఏళ్ళ నాటి దారిలోనే నడుస్తోందన్నమాట.

అయితే ఈరోజు చెప్పబోయేది నిజాం రైలు గురించి కాదు. మణికొండ, పుప్పాలగూడ అపార్టుమెంట్లలో శ్రీకాకుళం జిల్లా వాళ్ళు చాలామందే ఉన్నారు. టెక్కలి, పాతపట్నం అంటే వాళ్ళకి వెంటనే గుర్తొచ్చే చిన్న రైలు ఒకటుంది. పర్లాకిమిడి లైట్ రైల్వే. ఒక జమీందారు సొంత డబ్బు పెట్టి వేయించిన రైలు అది. ఈరోజు దాని కథ చెప్పుకుందాం.

1890లలో ఈస్ట్ కోస్ట్ లైను వచ్చింది. బెజవాడ నుంచి కటక్ వైపు సముద్రానికి దగ్గరగా వెళ్ళే లైను అది. ఆ దారిలోనే నౌపడ ఉంది. ఉప్పు పండే ఊరు. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల లోపల, మహేంద్రగిరి కొండల వైపు, పర్లాకిమిడి ఉంది. గజపతుల జమీందారీకి రాజధాని. పెద్ద రైలు అంత దగ్గర్లోంచి వెళ్ళిపోతోంది, రాజధానికి మాత్రం రైలు లేదు. సరుకేదైనా ఎడ్లబండి మీద రావాల్సిందే. వానాకాలం ఆ దారి ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు.

దాంతో పర్లాకిమిడి రాజావారు బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుని, దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి మొదలైంది.

ఇక్కడ గేజి సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద లైనులో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్నే బ్రాడ్ గేజి అంటాం. రాజావారి లైనుది 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. సగం కూడా లేదు. ఎందుకంత చిన్నది అంటే, ఖర్చు. పట్టా సన్నగా ఉంటే ఇనుము తక్కువ పడుతుంది. బండి చిన్నదైతే వంతెన చిన్నదైనా సరిపోతుంది. వంపు గట్టిగా తిప్పుకోవచ్చు కాబట్టి కొండని తవ్వే పని తగ్గుతుంది. మహారాష్ట్రలో కాల్‌త్రాప్ అనే ఇంజనీరు వేసిన బార్సీ లైట్ రైల్వే 1897లో మొదలైంది. అదీ ఇదే రెండున్నర అడుగుల గేజి. చిన్న పట్టా మీద కూడా బరువైన సరుకు లాగొచ్చని ఆ లైను చూపించింది. పర్లాకిమిడి లైను ఆ కాలం నాటిదే.

ఇక ఇంజన్లు. ఈ లైను ఇంజన్లకి పీఎల్ అని పేరు. పర్లాకిమిడి లైట్ అనే మాటల మొదటి అక్షరాలు. రైల్వే భాషలో ఇవి 0-6-4 ట్యాంక్ ఇంజన్లు. అంటే ముందు దారి చూపే చిన్న చక్రాలు లేవు. మధ్యలో బండిని లాగే చక్రాలు ఆరు. వెనకాల బరువు మోసే చక్రాలు నాలుగు. ట్యాంక్ ఇంజను అంటే బొగ్గుకీ నీళ్ళకీ వెనకాల వేరే బండి తగిలించుకోదు. తన నీళ్ళు, తన బొగ్గు తన మీదే మోసుకుంటుంది. ఎక్కువ దూరం వెళ్ళే బండికి అది చాలదు. 40 కిలోమీటర్ల లైనుకి మాత్రం సరిగ్గా సరిపోతుంది. పైగా చివరి స్టేషన్‌కి చేరాక వెనక్కి కూడా నడపొచ్చు. చిన్న లైనుకి చిన్న సంసారం అన్నట్టు.

మొదట్లో ఈ లైను నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దిగా లాభం కనపడింది. 1924-25 నుంచి బాగా పుంజుకుంది. ఆ ధైర్యంతోనే అప్పటి రాజా కృష్ణచంద్ర గజపతి లైనుని వంశధార ఒడ్డున ఉన్న గుణుపూర్ దాకా పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగతాది. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లయింది. అదంతా సవరల దేశం, కొండా అడవీ కలిసిన చోటు.

ఆ 1931లోనే ఇంకో పని కూడా జరిగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు రాసిన సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులు. 1880లో ఉద్యోగానికి వచ్చారు. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ ఊరికి రైలు లేని రోజులూ ఆయన చూశారు, వచ్చిన రోజులూ చూశారు.

తర్వాత ఇంకో ఏప్రిల్ 1 వచ్చింది. 1936లో. ఆ రోజున ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం ఒరిస్సాకి వెళ్ళింది. జమీందారీలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఒక రాజు వేయించిన ఒకే లైను, రెండు రాష్ట్రాలది అయిపోయింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ అటు. గీత గీయడం తేలికే. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఎంత దూరమో అక్కడి వాళ్ళని అడగండి, పక్క వీధికి వెళ్ళొచ్చినట్టు చెప్తారు. గిడుగువారు మాత్రం దీన్ని ఒప్పుకోలేకపోయారు. దాదాపు యాభై ఆరేళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా కోసం పోరాడినవాళ్ళలో ముందు నిలిచారు, 1937లో అక్కడి మొదటి ప్రధాని అయ్యారు. ఒకే ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు, రెండు దారులు. రైలు మాత్రం ఎవరి పక్షానా చేరలేదు. గీత దాటి రోజూ వెళ్ళింది, వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక చిన్న రైలుకి అసలు పోటీ బస్సులతో, లారీలతో వచ్చింది. ఇందాక చెప్పిన గేజి సంగతి ఇక్కడే దెబ్బకొట్టింది. గుణుపూర్‌లో ఎక్కించిన బియ్యం బస్తాని నౌపడలో దించాలి. మళ్ళీ పెద్ద బండిలోకి ఎక్కించాలి. రెండు కూలీలు, రెండింతల టైము. లారీ అయితే ఇంటి ముందు ఎక్కించుకుని దుకాణం ముందు దించుతుంది. కట్టేటప్పుడు డబ్బు మిగిల్చిన ఆ చిన్న గేజే, నడిపేటప్పుడు డబ్బు తినేసింది.

1990ల మొదట్లో ఆవిరి ఇంజన్ల చోట డీజిల్ ఇంజన్లు వచ్చాయి. జెడ్‌డీఎం అంటారు. జెడ్ అంటే రెండున్నర అడుగుల గేజి, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికులనీ సరుకునీ రెండింటినీ లాగేది. అప్పుడే రైల్వే శాఖ దేశంలో ఎక్కువ లైన్లని ఒకే గేజికి మార్చాలని నిర్ణయించింది. 2002లో నౌపడ లైను మార్పుకి శంకుస్థాపన అయింది. 2004 జూన్‌లో చిన్న రైలు ఆగిపోయింది. బ్రాడ్ గేజి బండి పర్లాకిమిడికి 2010లో, గుణుపూర్‌కి 2011లో చేరింది. అంటే మధ్యలో ఆరేడేళ్ళు ఆ ఊళ్ళకి అసలు రైలే లేదు.

ఇప్పుడు కాస్త అమెరికా వెళ్దాం. మన పిల్లలు సగం మంది అక్కడే ఉన్నారు కదా. కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాల మధ్య కంబ్రెస్ అండ్ టోల్టెక్ అని ఒక చిన్న రైలుంది. 64 మైళ్ళు, మూడు అడుగుల గేజి. అదీ రెండు రాష్ట్రాల గీతని పదకొండు సార్లు దాటుతుంది. 1925లో తయారైన ఆవిరి ఇంజన్లు అక్కడ ఇంకా నడుస్తున్నాయి. అది పదివేల అడుగుల ఎత్తున్న కనుమ, మంచు బాగా పడుతుంది. అందుకని వాళ్ళ దగ్గర స్నోప్లోలు ఉన్నాయి, మంచుని చీల్చి పక్కకి విసిరే బండ్లు. ముందు పెద్ద ఫ్యాను లాంటి చక్రం ఉంటుంది. దాన్ని తిప్పడానికి లోపల ఆవిరి ఇంజనుంటుంది. కానీ ఆ బండి తనంతట తాను కదల్లేదు, వెనక నుంచి వేరే ఇంజన్లు తోయాలి. అలాంటివి రెండున్నాయి. ఒకటి 1889 నాటిది, ఇంకోటి 1923ది. 1970లో రెండు రాష్ట్రాలూ కలిసి ఆ లైనుని కొనేసి కాపాడుకున్నాయి.

వాళ్ళు కాపాడుకున్నారు, మనం పీకేశాం అని తిట్టుకోవడం తేలికే. కానీ ఒక్కసారి ఆలోచించండి. అక్కడ సరుకు రవాణా పడిపోయింది, రైల్వే కంపెనీ ఆ లైను వదిలేసింది, అందుకే అది మ్యూజియం అయింది. మన లైను జనానికి ఇంకా అవసరం. అందుకే దాన్ని పెద్దది చేశారు. ఇవాళ గుణుపూర్‌లో ఎక్కినావిడ నౌపడలో బండి మారకుండా విశాఖ ఆసుపత్రికి వెళ్ళగలదు. ఆవిడకి అది పాత ఇంజను కంటే ఎక్కువే. రాజావారు 7 లక్షలు పెట్టింది కూడా అందుకే కదా, చూడముచ్చటగా ఉంటుందని కాదు.

అయితే పోయింది ఏమీ లేదని కూడా అనలేం. పీఎల్ ఇంజన్లు కొన్ని ప్రదర్శనకి మిగిలాయి. కానీ ఇంజను నిలబెట్టినంత మాత్రాన రైలు మిగలదు. దానికి బొగ్గు వేసిన ఫైర్‌మ్యాన్ చేతి లెక్క, ఏ ఎత్తు దగ్గర ఎంత ఆవిరి పెట్టుకోవాలో తెలిసిన డ్రైవరు అంచనా, నౌపడలో బస్తాలు మార్చిన కళాసీల మాట, ఇవి ఏ మ్యూజియంలోనూ లేవు. అమెరికా వాళ్ళు ఇంజనుతో పాటు ఆ పనిని కూడా కాపాడుకున్నారు. స్నోప్లోని ఎలా నడపాలో ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు. మనం వెనకబడింది అక్కడ.

ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళలో టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి వైపు వాళ్ళుంటే ఒక్క పని చేయండి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ రైల్లో పనిచేసిన తాతగారెవరైనా ఉంటే పక్కన కూర్చుని, ఫోన్ ఆన్ చేసి, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రికార్డ్ చేయండి. శ్రీకాకుళం యాసలో చెప్తే అలాగే ఉంచండి, పుస్తకాల భాషలోకి దిద్దకండి. గిడుగువారు సవరల దగ్గర చేసింది అదేగా!

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం.