రేఖాభ్యాసము - విశ్వవిద్యాలయములు

పదమునకు ధాతు వెట్టిదో చిత్రమునకు రేఖ యట్టిది. ధాతుజ్ఞానము లేనివాఁడు పదములను వల్లింపవచ్చును గాని వాని పుట్టుక నెఱుఁగఁడు. రేఖాజ్ఞానము లేనివాఁడు వన్నెలు పూయవచ్చును గాని రూపమును నిలుపఁజాలఁడు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము, ఆచార్యులు మెచ్చునది రేఖయే యని చెప్పుటయు నిందులకే. అయినను విశ్వవిద్యాలయములలో రేఖాభ్యాసమునకు స్థానము మిక్కిలి యాలస్యముగా లభించెను. చిత్రలేఖనము చేతిపని యనియు, విశ్వవిద్యాలయము బుద్ధికి నెలవనియు లోకము విడఁదీసి చూచుటయే యిందులకుఁ గారణము. ఈ విభాగమును దొలఁగించుటకు 1871వ సంవత్సరమున నింగ్లండులో రెండు ప్రయత్నములు జరిగెను.

ఈ రెంటికిని మూలము ఫీలిక్సు స్లేడు అను కళాభిమాని. 1868లో గతించిన యతఁడు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, లండను నగరములందు లలితకళాచార్యపీఠముల కొఱకు ధనము వ్రాసి యిచ్చెను. ఆక్స్‌ఫర్డు పీఠము 1869లో జాన్ రస్కినునకు లభించెను. అతఁ డంతకుముందే లండనులోని శ్రామికకళాశాలలోఁ బనివాండ్రకుఁ జిత్రలేఖనము నేర్పియుండెను. 1857లో వెలువడిన యతని చిత్రలేఖనగ్రంథమున మొదటి యభ్యాస మిది: చిన్న చదరమును గీచి, సన్నని కలముతో గీతలమీఁద గీతలు అడ్డముగా గీచుచు, హెచ్చుతగ్గులు లేక యంతయు నొక్కటే నీడగా నగపడునట్లు నింపవలెను. పిమ్మట నాకాశమున కెదురుగాఁ గనఁబడు చెట్టుకొమ్మ, గుండ్రని ఱాయి మొదలగునవి. ఱాతిని జక్కఁగా గీయనేర్చినవాఁడు దేనినైనను గీయఁగలఁడని యతని తలంపు. అతనికిఁ జేతినేర్పుకంటెఁ గంటినేర్పు ప్రధానము.

1871లో రస్కిను విశ్వవిద్యాలయచిత్రశాలలో నొక రేఖాపాఠశాలను నెలకొల్పి, యుపాధ్యాయుని పోషణకై 5,000 పౌనుల సొంతసొమ్ము నొసంగెను. విద్యార్థులు చూచి గీచుటకై మేలుచిత్రములను దానే యేర్చి వరుసలుగా నమర్చెను. కాని యచటికి వచ్చినవారిలోఁ బట్టణస్త్రీలే యెక్కువ. పట్టమునకై చదువువారు స్వల్పము. పరీక్షలో లెక్కకు రాని విద్యకు విద్యార్థి కాలము వెచ్చింపమి వింత కాదు. ఆ పాఠశాలలో లలితకళాపట్ట మేర్పడుటకు 1978 దాఁక, అనఁగా నూఱేండ్లకుఁ బైగా, వేచియుండవలసి వచ్చెను.

లండను యూనివర్సిటీ కాలేజీలో నదే సంవత్సరము వెలసిన స్లేడు పాఠశాల మఱియొక త్రోవఁ ద్రొక్కెను. ఇచట నుద్దేశము చిత్రకారులను దయారు చేయుట. ఆనాఁటి కళాశాలలలో విద్యార్థి ప్రాచీనవిగ్రహముల ప్లాస్టరు అచ్చులను జూచి యొక్క చిత్రమునే నెలలకొలఁది మెఱుఁగుపెట్టుచుండెడివాఁడు. మొదటి యాచార్యుఁడు ఎడ్వర్డు పోయింటరు సజీవరూపమును జూచి గీచుటకుఁ బ్రాధాన్య మిచ్చెను. స్త్రీలకును మొదటినుండియు నచటఁ బ్రవేశము కలదు. 1876 మొదలు 1892 వఱకు నాచార్యుఁడైన అల్ఫాన్సు లెగ్రో విద్యార్థుల యెదుటఁ దానే గీచి చూపుచు బోధించెను.

1892లో నా పాఠశాలకు వచ్చిన హెన్రీ టాంక్సు శస్త్రవైద్యుఁడు. ఎముకయు, కండయు నెఱిఁగినవాఁడు గావున వెలిరేఖ లోపలి నిర్మాణమును దెలుపవలెనని పట్టుపట్టెడివాఁడు. మొదటి ప్రపంచయుద్ధమున, 1916లో, హెరాల్డు గిల్లీసు అను శస్త్రవైద్యునికిఁ దోడ్పడుచు, ముఖములు ఛిద్రమైన సైనికుల రూపములను జికిత్సకు ముందును బిమ్మటను నతఁడు చిత్రించెను. గాయ మెచట, మిగిలిన దేమి యని చూపుటకు రేఖ యక్కఱకు వచ్చెను. రేఖ చిత్రకారుని సొత్తు మాత్రమే కాదనుట కింతకు మించిన నిదర్శన మక్కఱలేదు.

మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు పుట్టినను, చిత్రలేఖనము వాని వెలుపలనే యుండెను. మద్రాసులో 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుఁడు స్థాపించిన కళాపాఠశాల వంటివే దానికి దిక్కయ్యెను. రాజమహేంద్రవరపు కళాశాలలోఁ బ్రధానాచార్యుఁడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర యొక్కఁడు పాఠ్యక్రమమునకు వెలుపల నీ లోటును గొంత తీర్చెను. దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజు అతని ప్రోత్సాహము పొందినవారే. రామారావు పిమ్మట బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణము గడించెను. గురువునం దభిరుచి యుండుట విద్యార్థి భాగ్యము. పాఠ్యక్రమమున స్థాన ముండుట విద్యకు భాగ్యము. మొదటిది గురువుతోడనే పోవును. కూల్డ్రే రాజమహేంద్రవరమును వీడిన 1919లోనే శాంతినికేతనమునఁ గళాభవనము వెలసి, విశ్వభారతిలో నంగమై, నందలాల్ వసువు శిక్షణలో రెండవ భాగ్యమును సమకూర్చెను.

పాఠశాలలలో "చిత్రకారుఁడు కాఁబోని బాలునికి గీతలేల?" యను ప్రశ్న యిప్పటికిని వినఁబడును. కవులు కాఁబోని బాలురకు వ్యాకరణమేల యని యెవ్వరైన నడిగినచోఁ బండితుఁ డేమి చెప్పునో రేఖకును నదియే సమాధానము. వ్యాకరణము విన్నదానిని విభజించి గ్రహింపఁజేయును. రేఖ చూచినదానిని విభజించి గ్రహింపఁజేయును. చదరమును సమమైన నీడతో నింపుటకుఁ బాటుపడిన విద్యార్థి కన్ను మునుపటివలె నుండదు. ఆ ఫలమునకుఁ బట్టము నీయుటకు విశ్వవిద్యాలయము జాగు చేసినది గాని, ఫలము మాత్రము మొదటినాఁటినుండియు నున్నది.