మెజె: మధుశాల పళ్లేనికి మధ్యధరా పేరు

మధ్యధరా వంటకాల రెస్టారెంటులో ఇద్దరు మిత్రులు కూర్చోగానే బల్ల మీదికి వచ్చే చిన్న గిన్నెల వరుసను, అనగా ఉడికిన శనగలను నువ్వుల ముద్దతో కలిపి నూరిన హమ్మస్, నిప్పుల మీద కాల్చిన వంకాయ గుజ్జుతో చేసిన బాబా గనూష్, ఉప్పునీటిలో ఊరిన ఆలివ్ కాయలు మొదలైనవాటిని, కలిపి మెజె అంటారు. రుచి అనే అర్థం గల పారశీక పదం తుర్కీ భాషలోకి వెళ్లి, క్రమంగా రుచి చూసే పదార్థానికే పేరై మెజెగా నిలిచింది. అదే పదం ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి ‘మజా’ అయింది.

మెజె పెరిగిన చోటు ఒట్టోమన్ నగరాల మెయ్‌హానె. ‘మెయ్’ అంటే ద్రాక్షసారా, ‘హానె’ అంటే ఇల్లు (కార్ఖానా, దవాఖానాలలోని ఖానా ఇదే). ఇస్లాంలో మద్యం నిషిద్ధం కనుక ఇస్తాంబుల్‌లో, ముఖ్యంగా గలాటా రేవుపేటలో, ఈ మధుశాలలను ఎక్కువగా గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదులు నడిపేవారు. ధర్మం పేరిట వాటిని మూయించిన ప్రభుత్వమే పన్నుల రాబడి కోసం తిరిగి తెరవనిచ్చేది. 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి తన యాత్రా గ్రంథంలో వీటిని వర్ణించాడు. తరువాతి కాలంలో ద్రాక్షసారా స్థానాన్ని చాలావరకు రాకీ ఆక్రమించింది. సోంపును పోలిన అనిస్ గింజలతో బట్టీ పట్టే ఈ మద్యం సీసాలో నీళ్లలా తేటగా ఉన్నా, గింజల నూనె మద్యంలో కరిగినట్లు నీటిలో కరగదు కాబట్టి, నీళ్లు పోయగానే పాలలా తెల్లబడుతుంది; తుర్కులు దానిని సింహపు పాలు అంటారు. ఘాటైన ఆ పానీయాన్ని గుక్కకొక ముద్ద నంజుకుంటూ గంటల తరబడి తాగవలసి రావడం పళ్లేలు చిన్నవి కావడానికీ, ఎక్కువ కావడానికీ ఒక కారణం.

1923లో గ్రీస్, తుర్కియేల మధ్య జరిగిన జనమార్పిడి ఒప్పందం ఈ ఆచారంతో పెరిగిన ఎందరినో సముద్రం దాటించింది. అంతకుముందు ఏడాది తుర్కియే తీరంలోని స్మిర్నా నగరం తగలబడినప్పుడు పారిపోయినవారితో కలుపుకొని సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్ చేరగా, వారిలో కొందరు వోలోస్ రేవులో స్థిరపడ్డారు. అక్కడి సాంప్రదాయిక దుకాణాలలో ద్రాక్షపిప్పి నుంచి తీసే సిపురో అనే సారా చిన్న సీసాతో ఒక పళ్లెం దానంతటదే వస్తుంది, మరో సీసా అడిగితే మరో రకం వస్తుంది. ఏది రావాలో నిర్ణయించేది యజమానే. లెబనాన్‌లోని జహ్లే పట్టణం మెజెకు మరొక కేంద్రం. బెర్దౌనీ ఏటి ఒడ్డున బారులు తీరిన అక్కడి భోజనశాలలలో చల్లనివి, వేడివి, ఆపైన కాల్చిన మాంసం అనే వరుస పాటిస్తారు.

‘మధ్యధరా’ అనే ముద్ర మాత్రం బయటివారు వేసింది. ఆహార నియంత్రణలు ఇంకా తొలగని బ్రిటన్‌లో రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ 1950లో మధ్యధరా వంటలపై పుస్తకం వెలువరించగా, ఆ దశాబ్దం చివర అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఏడు దేశాల గుండె జబ్బుల అధ్యయనం ప్రారంభించి ఆ ఆహారాన్ని ఆరోగ్య సూత్రంగా నిలబెట్టాడు. ఆ ఆహారానికి, అందులోని ఆలివ్ నూనెకు దక్కిన ఈ గౌరవంలో మధుశాల, దానిని నడిపిన జనం మరుగున పడ్డారన్నది కాదనలేని విషయం. యునెస్కో 2010లో మధ్యధరా ఆహారాన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు స్పెయిన్, గ్రీస్, ఇటలీ, మొరాకోల పేర్లు నమోదయ్యాయి. 2013లో సైప్రస్, క్రొయేషియాలతో పాటు మధ్యధరా తీరమే లేని పోర్చుగల్ కూడా చేరింది. ఆ నమోదులో తుర్కియే లేదు, లెబనాన్ లేదు.