దేవరాష్ట్రపు కుబేరుడు

అలహాబాదు కోటలో ఒక రాతి స్తంభం ఉంది. అది అశోకుడి కాలం నాటిది. ఆయన తర్వాత సుమారు 600 ఏళ్లకు అదే స్తంభం మీద సముద్రగుప్తుడి విజయాలు చెక్కారు. రాసినవాడు హరిషేణుడు. దక్షిణాపథంలో సముద్రగుప్తుడు పట్టి, మళ్లీ విడిచిపెట్టిన పన్నెండుగురు రాజుల పేర్లు అందులో వరసగా ఉంటాయి. పదకొండోవాడు దేవరాష్ట్రపు కుబేరుడు. ఆ దేవరాష్ట్రం మన ఎలమంచిలి ప్రాంతమేనని చదివిన రోజు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. పూడిమడక ఒడ్డున వలలు ఆరేసే ఇసుక నుంచి చూస్తే ఎలమంచిలి ఎంత దూరం? వంజరాలు బుట్టకెత్తుకుని బయల్దేరితే ఐసు కరిగేలోపు చేరే ఊరు. ఆ ఊరి రాజు పేరు గంగాయమునల సంగమం దగ్గర, 4వ శతాబ్దపు రాతలో ఉంది!

ఈ సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది. శాసన పండితుడు ఫ్లీట్ 1888లో ఆ శాసనాన్ని ప్రచురించాడు. విన్సెంట్ స్మిత్ లాంటి చరిత్రకారులు దేవరాష్ట్రమంటే మహారాష్ట్రమే అనుకున్నారు. అలా అనుకునే సముద్రగుప్తుణ్ణి పడమటి కనుమల దాకా నడిపించారు. పుదుచ్చేరిలో పనిచేసిన ఫ్రెంచి పండితుడు జూవో డూబ్రేయ్ 1920లో ఆ లెక్క తిరగరాశాడు. ఆయనకు ఆధారం కశింకోటలో దొరికిన రాగిరేకులు. తూర్పు చాళుక్య భీముడు (892–921) ఇచ్చిన ఆ దానపత్రం ఎలమంచిలిని, దేవరాష్ట్రాన్ని ఒకే చోట చెప్పింది. శృంగవరపుకోట రేకులు ఇంకో ముడి విప్పాయి. వాటిని ఇచ్చిన అనంతవర్మ, తన తాత గుణవర్మ దేవరాష్ట్రానికి అధిపతి అని చెప్పుకున్నాడు. అంటే కుబేరుడి తర్వాత కూడా ఆ రాజ్యం నిలబడే ఉంది. సముద్రగుప్తుణ్ణి ఈ తీరపు రాజులంతా ఏకమై వెనక్కి తరిమారని కూడా డూబ్రేయ్ వాదించాడు. చరిత్రకారులు చాలామంది అంత దూరం వెళ్లరు. నాకు మాత్రం కొట్టిపారెయ్యబుద్ధి కాదు. గెలిచినవాడి ఆస్థానకవి రాసిన మాట ఒక్కటే మిగిలింది. ఓడిన పన్నెండుగురి మాట ఒక్క ముక్కయినా మిగల్లేదు.

ఇక ఈ ప్రాంతంలోనే దొరికిన ఒక నాణెం కథ. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. 1907 ప్రాంతంలో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వించాడు. మట్టిపాత్రలు, శాతవాహనుల నాణేలు, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. వాటితోపాటు సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి బయటపడింది. దండయాత్రకొచ్చిన సైనికుడు పారేసుకున్నాడని ఊహించుకోవడం తేలిక. కానీ బౌద్ధారామానికి ఏ యాత్రికుడో, వర్తకుడో సమర్పించి ఉండే అవకాశమే ఎక్కువ. ఏదైతేనేం, స్తంభం మీద చెక్కిన విజయాలు, నేలలో నాణెం, రెండూ ఒకే రాజుకు చెందినవి!

కొండ దగ్గరకు వెళ్లి చూడండి. కింది గుహలో పదహారు స్తంభాల మండపం, నడుమ అదే రాతిలోంచి తొలిచి తీసిన స్తూపం. వాకిలి పైన ధ్యానంలో కూర్చున్న బుద్ధుడు. పక్కనున్న లింగాలకొండ మీదైతే గుట్ట గుట్టంతా స్తూపాలే, వరసల మీద వరసలు. ఒక్కటీ తెచ్చి పెట్టింది కాదు, అన్నీ కొండనే చెక్కినవి. వాటినే ఊళ్లోవాళ్లు లింగాలనుకున్నారు. కనుమ రోజున ఇక్కడ తీర్థం జరుగుతుంది. కొండ మీద బొజ్జలా ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడిగా భావించి జనం రాళ్లు విసిరేవారు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ పూనుకుని ఆ అలవాటు మాన్పించింది. విసిరినవాళ్లను నేను తప్పుపట్టను. అదేమిటో వాళ్లకు ఎవరు చెప్పారు గనుక?

ఆ తర్వాతి శతాబ్దాలు తొందరగా దాటేస్తాను. గంగరాజులు వచ్చారు, వెళ్లారు. ఎలమంచిలి చాళుక్యులు 15వ శతాబ్దం తొలినాళ్లలో పంచదార్ల ఆలయ స్తంభాల మీద తమ వంశావళి రాయించుకున్నారు. ఒకే లింగం ఒళ్లంతా చిట్టి లింగాలు చెక్కిన కోటిలింగం అక్కడే ఉంది. దేవరాష్ట్రం అన్న పేరు మాత్రం జనం నోట్లోంచి జారిపోయింది. స్తంభం మీది ఆ జాబితాలోనే ఉన్న వేంగిని బడిపిల్లలు ఎరుగుదురు, పిష్టపురం పిఠాపురమై బతికింది. దేవరాష్ట్రానికి ఆ భాగ్యం దక్కలేదు. పూడిమడకలో రానున్న ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పెట్టుబడి 1.85 లక్షల కోట్లన్నారు. ఇంత పెద్ద పని తలపెట్టిన చోట ఆ పాత పేరుతో ఒక్క రాయి పాతడానికి ఎంత ఖర్చవుతుంది?

పూడిమడకకు వెళ్లేవాళ్లు తెల్లవారకముందే ఒడ్డుకు చేరితే పడవలు తిరిగొచ్చే వేళ దొరుకుతుంది. అక్కడినుంచి రాంబిల్లి వైపు కొత్తూరు ధనదిబ్బలున్నాయి. ఇటుక స్తూపాల ఆ దిబ్బల్లో ధనం ఉందని జనం నమ్మారు, పేరే చెబుతోంది. ఆపైన పంచదార్ల ధారల దగ్గర మధ్యాహ్నం గడిపి, ఎండ తగ్గాక శంకరం చేరండి. చాలామంది బొజ్జన్నకొండ చూసి వెనుదిరుగుతారు. ఇంకొంచెం ఓపిక పట్టి లింగాలకొండ కూడా ఎక్కండి.