పబ్లిలియస్ సైరస్

పబ్లిలియస్ సైరస్ క్రీ.పూ. 1వ శతాబ్దపు లాటిన్ నాటకకర్త, సూక్తికారుడు. సిరియా నుంచి బానిసగా ఇటలీకి వచ్చాడు. అతని తెలివితేటలు చూసి ముచ్చటపడిన యజమాని చదువు చెప్పించి, దాస్యం నుంచి విడిపించాడు. 'మైమ్' అనే జనరంజక ప్రహసనాలు రాసి, తానే నటించేవాడు.

క్రీ.పూ. 46 ప్రాంతంలో రోమ్ పాలకుడు జూలియస్ సీజర్ జరిపించిన ఉత్సవాల్లో పబ్లిలియస్‌కు పోటీగా నిలిచినవాడు అరవై ఏళ్ల మైమ్ రచయిత లబేరియస్. ఉన్నత వర్గానికి చెందిన ఆ పెద్దమనిషిని సీజరే పట్టుబట్టి రంగం ఎక్కించాడు. ఆ రోజుల్లో అలాంటివాడు నటించడం తలవంపు. దెబ్బలు తిన్న సిరియా బానిస వేషంలో వచ్చిన లబేరియస్, పోగొట్టుకున్న స్వేచ్ఛ గురించీ, పదిమందిని భయపెట్టేవాణ్ణి వెంటాడే భయం గురించీ పలికేసరికి జనం చూపులన్నీ సీజర్ వైపు తిరిగాయని తర్వాతి కాలపు రోమన్ రచయిత మాక్రోబియస్ రాశాడు. గెలుపు మాత్రం పబ్లిలియస్‌దే.

ప్రహసనాలు కాలగర్భంలో కలిసిపోయాయి. లోభం, కోపం, స్నేహం, అధికారం వంటి విషయాలపై సుమారు 700 ఏకపంక్తి సూక్తులు నిలిచాయి. అన్నీ అతనివేనని చెప్పలేం.  తత్త్వవేత్త సెనెకా వాటిని మెచ్చుకుని తన రచనల్లో ఉదహరించాడు. అక్షరక్రమంలో పేర్చిన ఆ సూక్తులను తర్వాతి కాలంలో రోమన్ బడిపిల్లలు పాఠంగా చదివారు.