మా ఊరి పాల సొసైటీ బోర్డు మీది అంకె

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు అని మేము అనుకుంటాం. ఈ ఏడాది మా చరిత్ర టీచర్ గారు "పుస్తకంలో ఉండేది వద్దు, మీ ఊరిలో మీరు కళ్ళారా చూసిన చరిత్ర రాసుకొని రండి" అన్నారు. ఇంటికి వెళ్ళేదారిలో ఏం రాద్దామా అని ఆలోచిస్తుంటే మా పాల సొసైటీ గోడకు ఉన్న నల్ల బోర్డు కనబడింది. అదే నా వ్యాసం.

మామూలుగా ఆ బోర్డు మీద పాల ధర, దాణా మూటలు వచ్చిన తేదీ రాసి ఉంటాయి. కరోనా కాలంలో వాటి కింద సుద్దముక్కతో ఒక గీత గీసి కొత్త లెక్క ఒకటి రాయడం మొదలుపెట్టినారు. మొదట జిల్లాలో ఎంతమందికి వచ్చింది అని, తర్వాత మన ఊరిలో ఎంతమందికి అని. జిల్లా లెక్క ప్రభుత్వ ప్రకటన నుంచి, ఊరి లెక్క నర్సమ్మ నోటి నుంచి వచ్చేది. పొద్దున్నే పాలు పోసేదానికి వచ్చినవాళ్ళు ధర చూడకముందే ఆ అంకె చూసేవాళ్ళు. ఇంటికి పోగానే మా అవ్వ అడిగే మొదటి మాట "ఈ పొద్దు లెక్క ఎంతరా?" అనే.

మా ఊరు కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు పక్కన ఉంది. మా అమ్మ పుట్టిల్లు మదురై జిల్లాలో తిరుమంగళం దగ్గర పల్లె. రెండు చోట్లా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మదురైలో 1529 నాడు విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయకుల పాలన 1736 దాకా సాగింది. ఆ కాలంలోనూ, దానికి ముందూ వెనకా సైన్యంతో కొందరు, నల్లరేగడి భూములు దున్నేదానికి కొందరు, మగ్గాలు పట్టుకొని కొందరు ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. మా వీధిలోని నాయుళ్ళు, పక్క వీధి దేవాంగులు, ఊరి చివర కాలనీలోని అరుంధతియర్లు, అందరి ఇళ్ళలోనూ తెలుగే. యాస వేరు, భాష ఒకటే. ఈ మాట ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

తమిళనాడులో మొదటి కరోనా కేసు 2020 మార్చి 7న బయటపడింది. అప్పుడు మా ఊరిలో ఎవరూ భయపడలేదు. అది విమానం ఎక్కినవాళ్ళకు వచ్చే జబ్బు అనుకున్నారు. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు రాష్ట్రంలో మొదటి కరోనా మరణం మదురై రాజాజీ ఆసుపత్రిలో జరిగింది. ఆ వార్త విన్నప్పుడు మా అమ్మ ఫోను చేత్తో పట్టుకొని చాలాసేపు అట్లే నిలబడింది. లెక్క ఒకటే, కానీ అది అమ్మ పుట్టింటి జిల్లాలో పడింది. అంకె పెద్దదా చిన్నదా అనేదానికంటే ఎంత దగ్గర పడింది అనేదే మనిషిని కదిలిస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత ఊళ్ళకు ఊళ్ళే కంచెలు వేసుకున్నాయి. అమ్మమ్మ వాళ్ళ పల్లెలో దారికి అడ్డంగా తుమ్మ కంప వేసినారట. మా ఊరి మొదట్లో పసుపు నీళ్ళ తొట్టి పెట్టి, వేపమండలు కట్టినారు. ఇంటింటికీ కబసుర కుడినీర్ కషాయం పంచినారు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోవాలంటే ఈ-పాస్ కావాలి. అందుకే అమ్మ తన అమ్మను చూడకుండా చాలా నెలలు ఉండిపోయింది. ఆ ఏడు మదురై చిత్తిరై ఉత్సవంలో మీనాక్షి కల్యాణం భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. అళగర్ స్వామి వైగై నదిలో దిగలేదు. మీనాక్షి ఉత్సవాన్ని, అళగర్ ఉత్సవాన్ని ఒక్కటిగా కలిపింది తిరుమల నాయకుడు (1623–1659) అని మా పెద్దలు చెప్పుకుంటారు. "అళగరే ఇల్లు దాటలేదు, మనమెంత" అని అమ్మమ్మ ఫోనులో అన్నది.

ఇదంతా మొదటి ఏడు. అప్పుడు బోర్డు మీద మా ఊరి లెక్క ఎక్కువ రోజులు సున్నానే. ఆ సున్నాను చూసి మేము గర్వపడినాం. పక్క ఊరిలో మూడు అంటే "వాళ్ళకు శుభ్రం తక్కువ" అనుకున్నాం. ఈ గర్వమే తర్వాత మమ్మల్ని చెడగొట్టింది.

2021 మే నెలలో రెండో అల వచ్చింది. మే 21న ఒక్క రోజులో రాష్ట్రం మొత్తంలో 36,184 కేసులు వచ్చాయి. ఆ నెల చివరి వారంలో రోజు లెక్కలో కోయంబత్తూరు జిల్లా చెన్నైనే దాటిపోయింది. నాలుగు వేలు దాటిన అంకెను సుద్దముక్కతో రాయడం నేను చూసినాను. అదే నెలలో ఇరుగూరులో ఒక మఠం వాళ్ళు కరోనా దేవి విగ్రహాలు పెట్టి పూజలు మొదలుపెట్టినారు. టీవీలో చూసి కొందరు నవ్వినారు, మా అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె ఎందుకు నవ్వలేదో ముందు చెప్తాను.

మా ఊరి బోర్డు మీద మొదట 1 పడింది. ఎవరికి అనేది బోర్డు చెప్పలేదు, కానీ ఊరు చెప్పేసింది. "కాలనీ వాళ్ళకే అయ్యుంటుంది, వాళ్ళే కదా టౌనులో చెత్త ఎత్తేదానికి పోయేది" అన్నారు. రెండు రోజులు కాలనీ పిల్లలను అంగడి దగ్గర నిలబడనీయలేదు. మూడో రోజు తెలిసింది, ఆ ఒకటి మా వీధిదే. టౌనులో పెళ్ళికి పోయి వచ్చిన ఇల్లు. లాక్‌డౌన్‌లో మేమంతా తలుపులు మూసుకుంటే మా వీధి చెత్త ఎత్తింది కాలనీవాళ్ళు. వాళ్ళ మీదే వేలు చూపించినాం, అదీ వాళ్ళకూ మాకూ ఒకటే అయిన తెలుగులో. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా రాయకపోతే అది చరిత్ర కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఒక సాయంత్రం నాయనకు ఒళ్ళు నొప్పులు, జ్వరం వచ్చినాయి. అమ్మ "నర్సమ్మకు చెప్దాం" అన్నది. నాయన "రెండు దినాలు చూద్దాం. బోర్డు మీద మన ఇల్లు ఎక్కాలా?" అన్నాడు. మాత్ర వేసుకొని రెండు రోజులూ సొసైటీకి పోయి పాలు పోసి వచ్చినాడు. మూడో రోజు దగ్గు ఆగలేదు. పరీక్ష చేస్తే పాజిటివ్. తర్వాత అమ్మకు, నాకు కూడా వచ్చింది. అవ్వను మిద్దె మీద గదిలో పెట్టి కాపాడుకున్నాం. అదే వారంలో సొసైటీలో పాలు కొలిచే మామకు జ్వరం వచ్చింది. బోర్డు మీద లెక్క రాసేది ఆయనే. ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చి చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆ రెండు రోజులూ నాయన ఆయన ముందు నిలబడి పాలు పోసింది మాత్రం నిజం. మూడు వారాలు బోర్డు మీద ఏ అంకె పడలేదు.

ఆ రోజుల్లోనే అవ్వ ఒక సంగతి చెప్పింది. ఆమెకు వాళ్ళ జేజి చెప్పిందట. "ఇంట్లో ఎలుక చచ్చి పడితే చాలు, మూట కట్టుకొని తోటలోకి పోయి గుడిసె వేసుకునేవాళ్ళు. ఇంట్లో ఎవరికైనా గజ్జల్లో గడ్డ లేస్తే దుప్పటి కప్పి దాచేవాళ్ళు. సర్కారు వాళ్ళు వస్తే కొట్టంలో పడుకోబెట్టి గడ్డి కప్పేవాళ్ళు" అని. అది ప్లేగు కాలం.

ప్లేగు 1896లో బొంబాయిలో మొదలై దేశమంతా పాకింది. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఆ చట్టాన్నే 2020లో కరోనాకు కూడా వాడినారు. పూనాలో సైనికులు ఇళ్ళలో దూరి రోగులను వెతికినారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు ఉన్న ఊరి నుంచి వచ్చిన ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టు ఇచ్చి, కొన్నాళ్ళు రోజూ అధికారి ముందు హాజరు కమ్మన్నారు. మన ఈ-పాస్‌కు అది పాత చుట్టం అనుకోవచ్చు. కోయంబత్తూరులో 1903 నుంచి ప్లేగు మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1901 జనాభా లెక్కలో పట్టణంలో 53,080 మంది ఉంటే 1911లో 47,007 మందే ఉన్నారు. చనిపోయినవాళ్ళు కొందరు, విడిచిపోయినవాళ్ళు కొందరు. పదేళ్ళలో ఊరు పెరగాల్సింది పోయి ఆరు వేలు తగ్గింది. ఆ భయంలో జనం కట్టుకున్న ప్లేగు మారియమ్మన్ గుళ్ళు కోయంబత్తూరులో ఇప్పటికీ ఉన్నాయి. అందుకే అవ్వ కరోనా దేవిని చూసి నవ్వలేదు. "అప్పుడు మందు లేదు, అమ్మవారే ఉండింది. ఇప్పుడు మందు ఉంది, దండం పెట్టి మందూ తీసుకోవాలి" అన్నది.

రెండు కాలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. జనం దాచింది జబ్బుకు భయపడి మాత్రమే కాదు, లెక్కలోకి ఎక్కేదానికి భయపడి. ప్లేగు కాలంలో లెక్కలోకి ఎక్కితే ఇల్లు ఖాళీ చేయిస్తారు, మనిషిని వేరు చేసి తీసుకుపోతారు. కరోనా కాలంలో తలుపుకు కాగితం అతికిస్తారు, వీధి చిన్నచూపు చూస్తుంది. ఆ కాగితాలు అతికించిన ఇళ్ళవాళ్ళను అంటరానివాళ్ళలా చూస్తున్నారని సుప్రీంకోర్టు దాకా పోయింది. అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అతికించవద్దని కోర్టు 2020 డిసెంబరులో చెప్పింది.

దాచడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. బోర్డు మీద కనబడే అంకె ఈ రోజుది కాదు. జబ్బు అంటుకున్నాక లక్షణాలు రావడానికి కొన్ని రోజులు, పరీక్షకు పోవడానికి, ఫలితం రావడానికి ఇంకో రెండు మూడు రోజులు. అంటే మనం చూసేది దాదాపు పోయిన వారం లెక్క. అందులో ఇంటింటా రెండు దినాలు దాచితే ఆ లెక్క ఇంకా పాతబడిపోతుంది. సున్నా చూసి మేము గర్వపడిన రోజుల్లో జబ్బు అప్పటికే ఊరిలో ఉండిందేమో!

లెక్కలోకి రానివాళ్ళు కూడా ఉన్నారు. మా వెనక వీధి తాత ఒకాయన జ్వరంతో నాలుగు రోజులు ఉండి ఇంట్లోనే పోయినాడు. పరీక్ష చేయించలేదు. ఆయన ఏ బోర్డు మీదా లేడు. 2020, 2021లలో మన దేశంలో కరోనా వల్ల నేరుగా గానీ పరోక్షంగా గానీ అదనంగా పోయినవాళ్ళు దాదాపు 47 లక్షలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ప్రభుత్వ లెక్క దాదాపు 4.8 లక్షలు. ఆ అంచనా వేసిన పద్ధతిని ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ వాదన పెద్దవాళ్ళది. నాకు మాత్రం ఆ రెండు అంకెల మధ్య మా వెనక వీధి తాత కనబడతాడు.

పాలు కొలిచే మామ జూన్‌లో తిరిగి వచ్చినాడు. బాగా చిక్కిపోయినాడు. నాయన నన్ను వెంటబెట్టుకొని సొసైటీకి పోయి, అందరి ముందూ జరిగింది చెప్పినాడు. మామ కాసేపు పలకలేదు. తర్వాత "రెండు దినాలు ముందే చెప్పుంటే సరిపోయేది అన్నా. బోర్డు మీద ఒకటి ఎక్కువైతే ఏమి?" అన్నాడు. అంతే. నాయన తల వంచుకొని నిలబడినాడు.

ఆ రోజు నుంచి బోర్డు మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎంతమంది అని రాసిన పక్కనే, కోలుకున్నవాళ్ళు ఎంతమంది అని కూడా రాసినారు. దాని కింద "ఎన్ని ఇళ్ళకు పాలు, సరుకులు చేర్చాల" అని ఇంకో వరస. ఆ మూడో అంకె వచ్చినాక దాచేవాళ్ళు తగ్గినారు, ఎందుకంటే చెప్పినవాళ్ళ గడపకు పాలు వచ్చేవి. కాలనీకీ, మా వీధికీ ఒకే బండిలో పోయేవి. టీకా విషయంలోనూ అట్లే జరిగింది. ఏప్రిల్‌లో నటుడు వివేక్ గారు టీకా వేసుకున్న రెండు రోజులకు గుండెపోటుతో చనిపోయినప్పుడు మా ఊరంతా వెనక్కు తగ్గింది. ఆ మరణానికి టీకా కారణం కాదని డాక్టర్లు చెప్పినా నమ్మలేదు. పాలు కొలిచే మామ కోలుకొని టీకా వేసుకున్నాక, ఊరిలో టీకా వేసుకున్నవాళ్ళ లెక్క కూడా బోర్డు మీద ఎక్కింది. ఆ అంకె పెరిగితే అందరికీ సంతోషమే.

ఇప్పుడు బోర్డు మీద మళ్ళీ పాల ధర, దాణా తేదీలే ఉన్నాయి. ఆ సుద్ద అంకెలను ఎప్పుడో తుడిచేసినారు. అవ్వ జేజి చెప్పిన ప్లేగు సంగతి కూడా ఎవరూ రాసిపెట్టలేదు, నోటి నుంచి నోటికి వచ్చింది. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, రాసేవాళ్ళు తక్కువ. ఆ రాయడం ఈ బడిలో మనకు నేర్పినారు. కాబట్టి తోటి విద్యార్థులకు నా మనవి ఒకటే. ఈ రాత్రి మీ ఇంట్లో అవ్వనో తాతనో అడగండి: మన ఇంట్లో ఎవరికి వచ్చింది, ఎవరికి చెప్పినాం, ఎవరికి దాచినాం అని. వాళ్ళు చెప్పింది తెలుగులో రాసి తేదీ వేయండి. రాసేముందు నాయనను అడిగినాను, మన సంగతి కూడా రాయొచ్చా అని. "రాయి. ఈసారి దాచొద్దు" అన్నాడు.