పానాల బండి తణుకు రాలేదు

తణుకు నుంచి తాడేపల్లిగూడెం దాకా హైవే పక్కన షెడ్లు నడిపిన పాతతరం మేస్త్రీల పానాల పెట్టెలో మూడు జాతులు కలిసి కాపురం చేసేవి. ఒకటి ఇంగ్లీషువాడి విట్‌వర్త్ పానా, రెండోది అమెరికావాడి అంగుళాల పానా, మూడోది జర్మనీ దారిలో వచ్చిన మిల్లీమీటర్ల పానా. మూడింటి లెక్కా వేరే. విట్‌వర్త్ పానా మీద అర అంగుళం అని ఉంటే అది బోల్టు లావు. పానా నోరు కొలిస్తే 23 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. అమెరికా పానా మీద అర అంగుళం అంటే నోరే అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ నట్టుకి 13 పానా పెట్టి బలంగా తిప్పితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి మొట్టికాయ అక్కడే పడేది.

ఈ గందరగోళం వెనక చరిత్ర ఉంది. డెల్టాలో రైసు మిల్లులు తిప్పిన రస్టన్, బ్లాక్‌స్టోన్ ఆయిలింజన్లు ఇంగ్లండువి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వేశారు. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న జీపులూ ట్రక్కులూ దేశమంతా జనం చేతుల్లో పడ్డాయి. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ఫార్గో లారీలు చేసింది, హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డు చేసింది. మద్రాసు నుంచి లేలాండ్ కామెట్ వచ్చింది. 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలెట్టాక మిల్లీమీటరు రోడ్డెక్కింది. ఆ ఒప్పందం 1969లో ముగిసి లారీ ముందున్న బెంజ్ చుక్క పోయింది గానీ మిల్లీమీటరు పోలేదు. తణుకులోనేమో 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్, ఆయన సహచరులు ఆంధ్రా షుగర్స్ పెట్టారు. చెరకు, పంచదార, బియ్యం, వాటిని మోసే లారీలు, ఆ లారీలు ఆగిపోతే చూసే షెడ్లు అన్నీ ఒకదాని వెంట ఒకటి పెరిగాయి.

మరి ఇన్ని రకాల పానాలు మేస్త్రికి ఎవరు అమ్మారు?

అమెరికాలో అయితే అమ్మేవాడు షెడ్డు గుమ్మంలోకే వచ్చేవాడు. మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్ అనే ఆయన పనిచేసే రోజుల్లో సాకెట్టూ పిడీ ఒకే ముక్కగా చేసేవారు. పది సాకెట్లు, ఐదు పిడులు విడివిడిగా చేసి దేన్ని దేనికైనా తగిలించుకోవచ్చు కదా అని ఆయన పైవాళ్లకు చెప్పాడు. వాళ్లు వినలేదు. విలియం సైడ్‌మన్‌ను తోడు చేసుకుని 1920లో స్నాప్-ఆన్ రెంచ్ కంపెనీ పెట్టాడు. ఐదు పిడులతో యాభై పనిముట్ల పని అన్నది వాళ్ల ప్రకటన. సరుకును దుకాణం అరల్లో సర్దలేదు. అమ్మేవాడే మెకానిక్ దగ్గరికెళ్లి, పనిముట్లు పరిచి, చేతికిచ్చి తిప్పి చూడమనేవాడు. ముప్ఫైల్లో ఆర్థిక మాంద్యం వచ్చి జేబుల్లో డబ్బు లేనప్పుడు వాయిదాల మీద ఇవ్వడం నేర్చుకున్నారు. యుద్ధం తర్వాత ఆ అమ్మకందారులే ఎవరి ప్రాంతం వాళ్లు పంచుకున్న స్వతంత్ర వ్యాపారులయ్యారు. సరుకంతా లోపల వేలాడదీసిన వ్యాన్లు దిగాయి. మెకానిక్ వ్యాను లోపలికెక్కి కావలసింది చూసుకోవచ్చు.

పోటీకి కొరత లేదు. ఒహాయో రాష్ట్రంలో యూజీన్ కార్న్‌వెల్ అనే కమ్మరి 1919లోనే పనిముట్ల కంపెనీ పెట్టాడు. అదే రాష్ట్రంలో 1938లో మ్యాక్ టూల్స్ పుట్టింది. ఒకప్పుడు ఆ మ్యాక్‌కు సరుకు చేసిపెట్టిన మ్యాట్కో 1979లో సొంత పేరుతో వ్యాన్లు నడపడం మొదలెట్టింది. ఆ మరుసటి ఏడు మ్యాక్‌ను స్టాన్లీ కంపెనీ కొనేసింది. పాలివాళ్ల గొడవలాంటి ఈ వ్యవహారంలో నలుగురూ అమ్మేది దాదాపు ఒకే సరుకు. సియర్స్ దుకాణానికి వెళ్తే క్రాఫ్ట్స్‌మన్ పానా ఇంకా చవగ్గా దొరికేది, విరిగితే ఊరికే మార్చిచ్చేవారు కూడా. మరి వ్యాను ఎందుకు నిలిచిందంటే, వారం వారం అదే రోజున, దాదాపు అదే వేళకు వచ్చేది కాబట్టి. ర్యాచెట్ పళ్లు అరిగితే అక్కడికక్కడే మార్చి ఇచ్చి, పోయిన వారం వాయిదా వసూలు చేసుకుని, ఇంకో కొత్త వస్తువు చేతిలో పెట్టి వెళ్లేది. బాకీ కట్టకుండా పని మానేసి వేరే ఊరు పోయిన మెకానిక్‌ల తాలూకు నష్టం మాత్రం వ్యానువాడి నెత్తినే పడేది. 1991 నుంచి స్నాప్-ఆన్ ఈ వ్యాపారులను ఫ్రాంచైజీల కిందికి తెచ్చింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద దానికి 4 వేలకు పైగా వ్యాన్లున్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్ దాకా వెళ్లాయి. ఇండియాకు ఆ వ్యాను రాలేదు. సరుకు వచ్చింది గానీ డీలర్ల ద్వారా, పెద్ద వర్క్‌షాపులకు.

మన దగ్గర డబ్బు లేక రాలేదని చాలామంది అనుకుంటారు. నాకు అది సగం జవాబులా కనిపిస్తుంది. అసలు సంగతి పానా ఎవరిదన్న దగ్గర ఉంది.

అమెరికా గ్యారేజీలో మెకానిక్ జీతగాడు, పనిముట్లు మాత్రం సొంతం. ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టె తనే తెచ్చుకోవాలి, మానేసేటప్పుడు తీసుకుపోవాలి. అంటే ఒక గ్యారేజీలో పదిమంది ఉంటే పదిమందీ కొనేవాళ్లే. పక్కవాడి పెట్టె చూసి ఉక్రోషం పుట్టేది కూడా అక్కడే, వ్యానువాడు బతికేది ఆ ఉక్రోషం మీదే. గోదావరి జిల్లాల షెడ్డులో అలా కాదు. షెడ్డు మేస్త్రిది, పానాలు మేస్త్రివి. పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో చేరిన కుర్రాడు ముందు డీజిల్‌లో నట్లు కడుగుతాడు, టీ తెస్తాడు, తర్వాత పానాలు అందిస్తాడు. మేస్త్రి లారీ కిందనుంచి చెయ్యి చాపి "పద్నాలుగు-పదిహేను" అంటే అది ఇవ్వాలి. "ఇరవై-ఇరవైరెండు" అన్నప్పుడు పద్దెనిమిది-పంతొమ్మిది ఇస్తే అది గాల్లో ఎగిరి వెనక్కొస్తుంది. ఏళ్ల తరబడి ఆ కుర్రాడు ఒక్క పానా కూడా కొనడు, కొనే అవసరమూ లేదు. సొంత షెడ్డు పెట్టుకున్న రోజున మాత్రం సెట్టు మొత్తం ఒకేసారి కావాలి. గురువు మంచివాడైతే తన పాత పానాలు కొన్ని ఇచ్చి దీవిస్తాడు. ఒక మనిషి బతుకులో ఒకటి రెండుసార్లు జరిగే ఈ కొనుగోలు కోసం ఏ వ్యానూ ప్రతి వారం తణుకు తిరగలేదు.

ఆ ఒకటి రెండుసార్లు కొనేటప్పుడు పోటీ లేకపోలేదు. జర్మనీలో 1919లో దోవిదాత్ సోదరులు పెట్టిన గెడోర్ పేరుతో ఫరీదాబాద్‌లో ఝలానీలు పానాలు చేశారు. ఆ పేరు ఒకప్పుడు మేస్త్రీల నోట మంత్రం. 1969 నుంచి నాసిక్‌లో స్వీడన్ వాళ్ల సాంకేతిక సహకారంతో తపారియా పనిముట్లు వచ్చాయి. కటింగ్ ప్లేయరంటే తపారియాదే అన్నంతగా ఎలక్ట్రీషియన్ల జేబుల్లోకి ఎక్కింది. జలంధర్, లూథియానా పానాలు మరో పక్క. ఇవన్నీ బెజవాడ దాకా వచ్చేవి. 1960ల్లో అక్కడ ఆటోనగర్ వెలిశాక, ఆసియాలోనే పెద్దదని ఊరివాళ్లు చెప్పుకునే ఆ పేటే కోస్తా మెకానిక్‌లకు అంగడీ బడీ అయింది. తణుకులో హార్డ్‌వేర్ దుకాణం, ఆటోమొబైల్స్ షాపు దాని కొమ్మలు. అడిగిన సామాను షాపులో లేకపోతే బెజవాడకు ఫోను చేసేవారు, సాయంత్రానికి ఆర్టీసీ బస్సులో పార్శిల్ దిగేది.

అప్పు సంగతికొస్తే మనవాళ్లకు వ్యాను అవసరమే పడలేదు. షాపు గల్లాపెట్టె పక్కన ఖాతా పుస్తకం ఉండేది. "రాస్కోండి, లారీ ఓనరు ఇచ్చాక ఇస్తానండి" అంటే పద్దు పడేది. కంప్రెషరో, వెల్డింగ్ మెషీనో, చైను కప్పీయో కొనాలంటే మేస్త్రి చీటీ పాడుకునేవాడు. స్నాప్-ఆన్ వాయిదా కన్నా మన చీటీపాట ఓ రకంగా తెలివైనది. అవసరం ముంచుకొచ్చినవాడు ఎక్కువ తగ్గించి పాడుకుంటాడు, ఓపికున్నవాడు ఆ తగ్గింపు పంచుకుంటాడు. చీటీ నడిపేవాడు పరారైతే మాత్రం అమెరికా వ్యానువాడికి వచ్చిన నష్టం ఇక్కడ మెకానిక్‌కే వచ్చేది.

అలాగని మన మెకానిక్ వెంట ఏ కంపెనీ పడలేదనుకోకండి. పడింది, అదీ గట్టిగా పడింది. అయితే పానా అమ్మడానికి కాదు. లారీ ఇంజను విప్పి నేల మీద పరిచాక ఓనరు గట్టు మీద కూర్చుని అడుగుతాడు: "మేస్త్రీ, బేరింగులు ఏ కంపెనీవి వేద్దామంటావు?" మేస్త్రి చేతులు తుడుచుకుంటూ "ఫలానావి తెప్పించండి, ఆయ్, రెండేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటాడు. ఆ ఒక్క మాటతో వేల రూపాయల సరుకు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిపోతుంది. ఖర్చు ఓనరుది, ఎంపిక మేస్త్రిది. వెయ్యి పానాలు అమ్మేకన్నా ఆ మాట సంపాదించుకోవడం లాభమని కంపెనీలకు తొందరగానే తెలిసింది.

అందుకే ఇంజనాయిల్ కంపెనీల ప్రతినిధి బైకు మీద షెడ్డుకొచ్చేవాడు. 1910 నుంచి దేశంలో ఉన్న క్యాస్ట్రాల్, ఇండియన్ ఆయిల్ 1972లో తెచ్చిన సర్వో, ఇంకా ఎన్నో పేర్లు షెడ్డు గోడల మీద రంగుల్లో కనిపిస్తాయి. షెడ్డుకు బోర్డు రాయించి ఇచ్చేదీ కంపెనీయే. పైన పెద్దక్షరాల్లో కంపెనీ పేరు, కింద చిన్నగా దేవుడి పేరుతో షెడ్డు పేరు. ఆయిల్ డబ్బా మూత కిందా, బేరింగు అట్టపెట్టెలోనూ, క్లచ్ ప్లేటు సంచిలోనూ కూపన్లు మొదలయ్యాయి. ఇన్ని కూపన్లు పోగైతే టిఫిన్ క్యారియర్, ఇన్ని పోగైతే గోడ గడియారం, ఇంకా పోగైతే బంగారు నాణెం. ఊళ్లో ఏ హోటల్లోనో హాలు మాట్లాడి మెకానిక్‌ల మీటింగు పెట్టి, అరగంట ఉపన్యాసం, రెండు గంటల భోజనం, వెళ్లేటప్పుడు చేతిలో టీషర్టు. ఇవాళ కూపను చించే పని లేదు, ఫోనుతో స్కాన్ చేస్తే పాయింట్లు ఖాతాలో పడతాయి. ఓనరుకు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. తెలిసీ అడుగుతాడు, ఎందుకంటే నడిరోడ్డు మీద బండి ఆగితే అర్ధరాత్రి వచ్చేది మేస్త్రే.

డీజిల్ పంపుల కథ కాస్త వేరు. 1951లో బెంగళూరు కేంద్రంగా పుట్టిన మైకో ఇంజెక్షన్ పంపులు, నాజిళ్లు చేసింది. 2008లో దాని పేరు బాష్ అయింది, కానీ మేస్త్రీల నోట ఇప్పటికీ మైకోనే. పంపు సరిచేయాలంటే టెస్ట్ బెంచ్ ఉండాలి. అది షెడ్డు మేస్త్రి కొనగలిగేది కాదు. దాంతో "డీజిల్ పంప్ వర్క్స్" అని విడిగా ఒక కులమే ఏర్పడింది. మిగతా మేస్త్రీలు పంపు విప్పి, గుడ్డలో చుట్టి అక్కడికి పంపి, వచ్చాక బిగించుకునేవారు. ఒక పనిముట్టు చేతిలో ఉన్నందుకు పనిలో ఒక భాగం ఒకరికి శాశ్వతంగా వెళ్లిపోవడం ఇక్కడ అదే మొదలనుకుంటాను.

కొల్లేరు వైపు వెళ్తే బండి వచ్చే ప్రశ్నే తిరగబడుతుంది. ఎనభైల్లో కైకలూరు, ఆకివీడు చుట్టూ చేపల చెరువులు విస్తరించాక కిర్లోస్కర్ ఇంజన్లు, రాజ్‌కోట్ ఫీల్డ్‌మార్షల్ ఇంజన్లు గట్ల మీద రాత్రీపగలూ మోగాయి. ఇంజను ఆగితే నీళ్లు ఆగుతాయి, చేప తేలిపోతుంది. ఇంజనును గట్టు మీదనుంచి షెడ్డుకు మోసుకెళ్లలేరు. అందుకని 1980లో వచ్చిన టీవీఎస్ మోపెడ్ మీద, ముందు కాళ్ల దగ్గర పానాల గోనెసంచి పెట్టుకుని మెకానిక్కే గట్టుకు పోయేవాడు. ఇంగ్లీషువాడి విట్‌వర్తూ అమెరికావాడి అంగుళమూ ఆ సంచిలో ఉండేవి కావు. దేశీ ఇంజనుకు ఆరేడు పానాలు, ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవర్ చాలు. చెరువులు తవ్వడానికి వచ్చిన పొక్లెయిన్‌లకు మాత్రం ఆ సంచి సరిపోలేదు. హైడ్రాలిక్ పైపులకు పెద్ద పానాలు, బలమైన పుల్లర్లు కావలసివచ్చాయి. 2006లో కొల్లేరు అభయారణ్యంలో చెరువుల గట్లు పగలగొట్టింది కూడా ఆ యంత్రాలే. తవ్వినా పగలగొట్టినా మెకానిక్‌కు పని తప్పలేదు.

2001లో దిగుమతుల మీద ఆంక్షలు తొలిగాక చైనా సాకెట్ల సెట్లు ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చాయి. పాత గెడోర్ పానా ధరకు ఇప్పుడు నలభై ముక్కల సెట్టు వస్తుంది. సంతలో టార్పాలిన్ మీద పరిచి కూడా అమ్ముతున్నారు. మేస్త్రీలు వాటిని తిడుతూనే కొంటారు. బిగించడానికి చైనాది వాడినా, తుప్పు పట్టిన నట్టు విప్పేటప్పుడు మాత్రం చెయ్యి పాత పానా వైపే పోతుంది.

ఎట్టకేలకు హైవే మీదికి ఒక వ్యాన్ వచ్చింది. అమ్మడానికి వచ్చింది కాదు. లారీ కంపెనీల సర్వీసు వ్యాన్. నాలుగు గంటల్లో మీ దగ్గరికొస్తాం, 48 గంటల్లో బండి రోడ్డెక్కిస్తాం అని లేలాండ్ లాంటి కంపెనీలు మాటిస్తున్నాయి. పానాలు, ల్యాప్‌టాప్, యూనిఫాం వేసుకున్న కుర్రాడు అందులోనే వస్తారు. మేస్త్రిని బుట్టలో వేసుకోవాలని చూసిన కంపెనీలు ఒక పక్క ఉంటే, మేస్త్రి అవసరమే లేకుండా చేయాలని చూసే కంపెనీలు ఇంకో పక్క తయారయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లే అమ్మాలన్నాక ఈ రెండో పక్షానికి బలం వచ్చింది. ఆ బండ్లలో సెన్సరు చెడితే ఇంజను ఊపిరి పట్టేస్తుంది, తప్పు ఎక్కడుందో స్కానర్ పెడితే గానీ తెలియదు. పదమూడు పానాతో దాని మూత విప్పగలం గానీ దాని మాట వినలేం.

కాబట్టి తణుకు మేస్త్రి ఇప్పుడు స్కానర్ కొంటున్నాడు. చైనా స్కానర్లు ఫోనుకు తగిలించుకునేవి కొన్ని వేలకు వస్తున్నాయి, అన్ని కంపెనీల బండ్లనూ చదివేవి లక్ష దాటుతాయి. ఒకరు కొంటే పక్క షెడ్లవాళ్లు బండి అక్కడికి పంపి, బండికింతని ఇచ్చి చదివించుకుంటారు. పంపు బెంచ్ విషయంలో జరిగినట్టే. ఒక తేడా ఉంది. పానా ఒకసారి కొంటే నలభై ఏళ్లు పనిచేస్తుంది. చాలా స్కానర్లలో సాఫ్ట్‌వేర్ గడువు ఏడాదికో రెండేళ్లకో ముగుస్తుంది, మళ్లీ డబ్బు కడితేనే కొత్త బండ్లను చదువుతుంది. వ్యాను తణుకు రాలేదు గానీ, దాని వాయిదా మాత్రం మేస్త్రి ఫోనులోకి వచ్చేసింది. ఆ వాయిదా ఓనరు బిల్లులో కలపాలా, తనే భరించాలా అన్నది ఏ షెడ్డులోనూ ఇంకా తేలలేదు. ఇంజనాయిల్ కూపన్ల పాయింట్లతో ఆ డబ్బు కట్టించుకునే కంపెనీ ఏదైనా వస్తే మాత్రం దాని బోర్డు మర్నాడే షెడ్డు మీద వేలాడుతుంది.