స్టేషన్ పరిసరాల ప్రణాళికా గ్రాంట్లు (అమెరికా)

రైలు, బస్సు స్టేషన్ల నుంచి నడిచి వెళ్లే దూరంలో ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు వచ్చేలా ప్రణాళిక వేసుకోవడానికి, దాని గురించి స్థానికుల అభిప్రాయం తెలుసుకోవడానికి అమెరికాలో నగరాలకు, స్థానిక సంస్థలకు ఇచ్చే ప్రభుత్వ నిధులివి. ఇది కట్టడాల సొమ్ము కాదు. సర్వేలకు, ట్రాఫిక్ లెక్కలకు, భూవినియోగ (జోనింగ్) నిబంధనలు తిరగరాయడానికి, సభలు జరపడానికి, దుభాషీలను పెట్టుకోవడానికి ఖర్చవుతుంది. రైలు మార్గం ఖర్చు ముందు ఇది చాలా చిన్న మొత్తం. కానీ స్టేషన్ ఎదుట కార్ల పార్కింగ్ రావాలా, ఇళ్లు రావాలా అన్నది కొన్నిచోట్ల ఈ చిన్న మొత్తం ఎవరి చేతికి అందిందన్న దాన్ని బట్టే తేలింది.

వీటికి మూలాలు రవాణా చట్టాల్లో కంటే గృహనిర్మాణ, పేదరిక నిర్మూలన చట్టాల్లోనే ఎక్కువ. 1954 గృహనిర్మాణ చట్టంలోని 701వ సెక్షన్ కింద పట్టణాలకు ప్రణాళికల కోసం ఫెడరల్ ప్రభుత్వం డబ్బివ్వడం మొదలైంది. ఆ పద్దు 1981లో మూతపడింది. 1964 ఆర్థిక అవకాశాల చట్టం పేదల కోసం చేపట్టే పనుల్లో పేదలకే వీలైనంత ఎక్కువ పాత్ర ఉండాలని షరతు పెట్టింది. మేయర్లకు అది అంతగా మింగుడుపడలేదు. 1974లో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు నగరాలకు ఏటా కొంత సొమ్మిచ్చి, ఖర్చు నిర్ణయాన్ని చాలావరకు వాటికే వదిలింది. 1991 రవాణా చట్టం వచ్చాక గానీ రోడ్ల నిధుల్లోంచి పాదచారుల కోసం, ఊళ్ల బాగు కోసం ఖర్చు పెట్టే వెసులుబాటు పెద్దగా కలగలేదు. వాస్తుశిల్పి పీటర్ కాల్‌థార్ప్ 1993లో వెలువరించిన పుస్తకం రవాణా కేంద్రిత అభివృద్ధి అన్న ఆలోచనకు ఒక రూపమిచ్చింది. అధికారుల నోట అది టీఓడీ (ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్) అయింది.

పుస్తకం రాకముందే కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరం, ఫ్రూట్‌వేల్ పేటలో ఈ పని మొదలైంది. అక్కడ ఎక్కువమంది మెక్సికో మూలాలున్న లాటినో కుటుంబాలు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు రైలు సంస్థ బార్ట్ స్టేషన్ అక్కడ 1972 నుంచీ ఉంది. ప్రయాణికులు కారు ఆపి రైలెక్కేవారు, దిగి కారెక్కి వెళ్లిపోయేవారు. పక్క వీధిలోని బజారుకు వాళ్ల వల్ల ఒరిగిందేమీ లేదు. 1991లో బార్ట్ అక్కడ పలు అంతస్తుల పార్కింగ్ భవనం కడతామని ప్రకటించింది. అది వస్తే స్టేషన్‌కూ బజారుకూ మధ్య గోడ లేచినట్లే. 1964 నుంచి ఆ పేటలో పనిచేస్తున్న యూనిటీ కౌన్సిల్ అనే స్థానిక సంఘం అడ్డు చెప్పింది. దాని సారథి అరబెల్లా మార్టినెజ్. అధ్యక్షుడు కార్టర్ హయాంలో వాషింగ్టన్‌లో ఉన్నత పదవిలో పనిచేసి వచ్చిన ఆమెకు ఏ తలుపు ఎలా తట్టాలో తెలుసు. బార్ట్ వెనక్కి తగ్గింది.

వద్దనడం అయింది, మరి ఏం కావాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి 1992లో ఓక్లండ్ నగరం తన బ్లాక్ గ్రాంటులోంచి 1,85,000 డాలర్లు ఇచ్చింది. సొమ్ము వెళ్లింది రైలు సంస్థకు కాదు, యూనిటీ కౌన్సిల్‌కు. ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదేనని చెప్పవచ్చు. పటం గీసేవారికి జీతమిచ్చేది పేట సంఘమే కావడంతో చర్చ బజారు నుంచి మొదలైంది, పార్కింగ్ లెక్క నుంచి కాదు. 1993లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో సదస్సు పెట్టి, వాస్తుశిల్పుల బృందాల చేత నమూనాలు గీయించి జనం ముందుంచారు. ఈ పద్ధతి నచ్చిన ఫెడరల్ రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా అదే ఏడాది మరో 4,70,000 డాలర్లు మంజూరు చేశారు. 1994లో నగరం, బార్ట్, యూనిటీ కౌన్సిల్ కలిసి ఒక విధాన సంఘంగా ఏర్పడ్డాయి. ఆ తర్వాతి సభల్లో స్థానికులు నేరాల భయం, వైద్యం, గ్రంథాలయం, పిల్లల సంరక్షణ గురించి మాట్లాడారు. అందుకే స్టేషన్ పక్కన కట్టిన ఫ్రూట్‌వేల్ ట్రాన్సిట్ విలేజ్‌లో అవన్నీ కనిపిస్తాయి. లా క్లినికా వైద్యశాల, సెసార్ చావెజ్ పేరిట గ్రంథాలయం, వృద్ధుల కేంద్రం, శిశు పాఠశాల, వాటిపైన 47 అపార్ట్‌మెంట్లు.

ఆ విలేజ్ తెరుచుకునేసరికి 2004 వచ్చింది. ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు, అదీ ఎన్నో చోట్ల నుంచి పోగుచేసింది. పార్కింగ్ స్థలాలు ఒక్కటీ తగ్గకూడదని బార్ట్ పట్టుబట్టడంతో స్థలాల మార్పిడి జరిగింది. జనం కాదన్న పార్కింగ్ భవనం చివరికి పక్కకు జరిగి వెలిసింది. మొదటి ఏళ్లలో దుకాణాలు కొన్ని ఖాళీగానే ఉండిపోయాయి. రెండో దశ ఇళ్లకు ఒక దశాబ్దానికి పైగా పట్టింది. వాటిలో 94 ఇళ్ల భవనానికి మార్టినెజ్ పేరే పెట్టారు. 2018లో యూసీఎల్‌ఏ పరిశోధకులు పరిశీలించి, పేటలో ఆదాయం, చదువు పెరిగినా చుట్టుపక్కల జరిగినట్లు లాటినోలు వెళ్లిపోలేదని తేల్చారు.

ఫ్రూట్‌వేల్ తర్వాత గ్రాంట్లు ప్రాంతీయ సంస్థల చేతికి వచ్చాయి. అట్లాంటాలో అందుకు గాలి కాలుష్యమే కారణం. 1998లో కాలుష్య ప్రమాణాలు అందుకోలేక ఆ మహానగరానికి కొత్త రోడ్ల నిధులు నిలిచిపోయాయి. మరుసటి ఏడాది అక్కడి ప్రాంతీయ కమిషన్ లివబుల్ సెంటర్స్ పథకం ప్రకటించింది. ఏటా 10 లక్షల డాలర్ల చొప్పున అయిదేళ్లు అధ్యయనాలకు, ఆపైన వాటి అమలుకు 35 కోట్ల డాలర్లు. వేసిన ప్రణాళిక బీరువాలో మగ్గిపోకుండా అమలు సొమ్మును ముందే చూపించడం ఈ పథకం ప్రత్యేకత. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు రవాణా కమిషన్ 2005లో కాస్త కఠినంగా వ్యవహరించింది. కొత్త మార్గానికి డబ్బు కావాలంటే దాని స్టేషన్ల చుట్టూ సగటున ఇన్ని ఇళ్లు ఉండాలని, లేదా ప్రణాళికలో చూపాలని షరతు పెట్టింది. బార్ట్ పొడిగింపుకు స్టేషన్‌కు 3,850 ఇళ్లు. ఆ ప్రణాళికలకు గ్రాంటు కూడా తానే ఇచ్చింది.

2010లో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ప్రాంతీయ ప్రణాళికల కోసం దాదాపు 10 కోట్ల డాలర్లు 45 ప్రాంతాలకు పంచింది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు, సియాటిల్ ప్రాంతం తమ వాటాలోంచి కొంత తీసి స్థానిక సంఘాలకు చిన్న గ్రాంట్లుగా ఇచ్చాయి. సెయింట్ పాల్‌లో ఆ సంఘాల సత్తా అప్పటికే తెలిసింది. కొత్త రైలు మార్గం నమూనాలో లేని మూడు స్టేషన్లను పేద పేటల వాళ్లు పోరాడి 2010లో సాధించుకున్నారు. 2014లో మార్గం ఆ స్టేషన్లతోనే మొదలైంది. గృహనిర్మాణ శాఖ పథకానికి మాత్రం అమెరికా కాంగ్రెస్ 2012 నుంచి పైసా ఇవ్వలేదు.

ఇప్పుడున్న ప్రధాన ఫెడరల్ పథకం 2012 రవాణా చట్టంలో పుట్టింది. పైలట్ (ప్రయోగాత్మక) పేరుతో ఏటా కోటి డాలర్లు కేటాయించారు. తొలి విడతగా 2015లో 21 సంస్థలకు 1.95 కోట్ల డాలర్లు అందాయి. పైలట్ అన్న మాట నేటికీ పేరులోంచి పోలేదు. 2021 మౌలిక వసతుల చట్టం కేటాయింపును ఏటా 1.3 కోట్లు దాటించింది. కొత్తగా కట్టే లేదా సామర్థ్యం పెంచే రైలు, బస్ ర్యాపిడ్ మార్గాలకే ఇది వర్తిస్తుంది. మామూలు సిటీ బస్సు మార్గాలకు వర్తించదు. దరఖాస్తు చేయగలిగేది రవాణా సంస్థ, లేదా ఆ మార్గంలో భూవినియోగ అధికారమున్న స్థానిక ప్రభుత్వం. స్థానికుల భాగస్వామ్యం ఎలా ఉంటుందో దరఖాస్తులో రాయాలి గానీ, ఆ స్థానికుల సంఘం స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేదు. యూనిటీ కౌన్సిల్ లాంటి సంస్థకు నేరుగా చేరే దారి ఇందులో లేదు. నగరం తలచి వాటా ఇస్తేనే దానికి డబ్బందుతుంది.